మోకు తెగలేదు

సౌదీలో బురైదా చుట్టుపక్కల తోటల్లో పనిచేసే తెలుగువాళ్లలో ఖాదర్ మొహిద్దీన్ చేత తిట్లు తినని మనిషి ఎవరైనా ఉన్నాడంటే, అతను నిన్నో మొన్నో విమానం దిగి ఉండాలి. ఖాదర్ ఆసుపత్రికి తోడొస్తాడు, దారి పొడుగునా తిడతాడు. అక్కడ ఉండనిచ్చే ఇకామా కాగితాలు సరిచూసి పెడతాడు, పెడుతూ తిడతాడు. ఎవడైనా పోలీసుల పాలబడితే బిర్యానీ పొట్లం కట్టించుకుని మరీ పోతాడు, వాడు అది తినేంతసేపూ తిడుతూనే ఉంటాడు.

ఊరు ప్రొద్దుటూరు పక్కన. వచ్చిన కొత్తలో గొర్రెల లారీ తోలాడు. ఎడారిలో కాపరుల మధ్య కూచుని గావా కాఫీ తాగుతూ నేర్చిన అరబ్బీ అతనిది. ఆ యాస విని ఆ ఖసీమ్ ప్రాంతపు ముసలివాళ్లు కూడా "నువ్వు మాలో ఎవరి తాలూకు?" అని అడిగి నవ్వుతారు. ఆ నోరే అతని ప్రాణానికి వచ్చింది. ఇప్పుడు ఒక ఖర్జూరం కంపెనీ తోటలో పికప్ డ్రైవరు. జీతం బండి తోలినందుకు, మాట్లాడేది మాత్రం ఊళ్లోవాళ్లందరి తరఫునా. తనకంటూ ఒక మాట మాట్లాడుకునే తీరిక లేకుండా పోయిందని వాపోతుంటాడు. తీరిక దొరికితే ఏం చేస్తాడో మనకు తెలియంది కాదు, ఇంకెవర్నో తిడతాడు.

అతని కోపానికి కారణం లేకపోలేదు. మనవాళ్లకు అడగనిది చెప్పే జబ్బుందంటాడు. రాజంపేట వైపు నుంచి వచ్చిన భూషణం అనే అతనికి ప్యాకింగ్ యంత్రంలో పడి వేళ్లు పోయాయి. కంపెనీవాళ్లు ఇంకా నోరు తెరవకముందే "నా పొరపాటే సార్, నేనే చూసుకోలేదు" అనేశాడు. మర్యాదకి అన్నాడట! ఆ మర్యాదే కాగితం మీదికెక్కింది. పరిహారం లేదు, పాడూ లేదు, చేతిలో విమానం టిక్కెట్టు పెట్టి సాగనంపారు. ఎయిర్‌పోర్టులో దింపి వచ్చింది ఖాదరే. ఆ రోజు నుంచీ అతనిది ఒకటే పాట. దెబ్బ తగిలినవాడు నోరు మూసుకోవాలి, మాట్లాడే పని తనకు వదిలేయాలి.

అలాంటి మనిషికి గదిలో జోడీగా యాదగిరి దొరికాడు.

యాదగిరిది జగిత్యాల వైపు. గౌడు. తాటిచెట్లూ ఈతచెట్లూ గీసి కల్లు దించిన చెయ్యి. లేబర్ వీసా మీద వచ్చాడు. మొదటిరోజు తోటలో ఖర్జూరపు చెట్ల వరసల మధ్య నిలబడి, తలెత్తి చూసి, "గిది మా ఈతచెట్టుకు పెద్దన్నే గద భాయ్" అన్నాడు. అని ఊరుకోలేదు, చెప్పులు విడిచి ఎక్కేశాడు. పుప్పొడి చల్లడం, గెలలు పలచన చెయ్యడం, కోతలప్పుడు సుక్కరి రకం గెలల్ని పండు నలగకుండా తాడుతో దించడం, అన్నీ ఒక్క సీజన్లో పట్టేశాడు. పైనుంచి "హబల్! హబల్!" అని అరిచి కిందివాళ్ల చేత తాళ్లు పట్టించేవాడు. అరబ్బీలో హబల్ అంటే తాడు. అతనికి బాగా వచ్చిన అరబ్బీ మాట అదొక్కటే.

మొదటిసారి సెలవుకి పోయి తిరిగొచ్చేటప్పుడు ఇంటి నుంచి మోకు తెచ్చుకున్నాడు. గౌడ్లు నడుముకూ చెట్టుకూ కలిపి చుట్టుకుని ఎక్కే లావుపాటి తాడు అది. రియాద్ ఎయిర్‌పోర్టులో పెట్టె తెరిచినవాడు దాన్ని చూసి హడలిపోయాడు. ఫోను ఖాదర్‌కి వచ్చింది. ఇది మనుషులకు ఉరి వేసేది కాదు, చెట్లెక్కేది అని కస్టమ్స్ మనిషిని ఫోన్లో ఒప్పించేసరికి ఖాదర్‌కి తాతలు దిగొచ్చారు. "పచ్చళ్లు తెచ్చుకునేటోళ్లని చూసినా, పొడులు తెచ్చుకునేటోళ్లని చూసినా. తాడు తెచ్చుకున్నోన్ని నిన్నే చూస్తాండా" అని గదికి రాగానే తిట్టిపోశాడు. యాదగిరి నవ్వి, మోకు చుట్ట కింద దాచి తెచ్చిన సకినాల పొట్లం తీసి అతని చేతిలో పెట్టాడు. ఖాదర్ సకినాలు తింటూ కూడా తిట్టాడు.

కంపెనీ బెల్టులు లేవా అంటే ఉన్నాయి. షెడ్డులో మేకుకు వేలాడుతుంటాయి. కొక్కేలు అరిగిపోయి ఒకటి పడితే ఒకటి పట్టదు. యాదగిరి ఒకసారి బెల్టు పెట్టుకుని, నేల మీదే నిలబడి, చెట్టుకు కట్టుకుని వెనక్కి వాలి చూశాడు. కొక్కెం ఊడి వెల్లకిలా పడ్డాడు. లేచి దుమ్ము దులుపుకుని, దాన్ని మళ్లీ ఆ మేకుకే తగిలించి వచ్చాడు. ఇదంతా మేనేజరు దావూద్ ఎదురుగానే జరిగింది. కొత్తవి తెప్పిస్తానన్నాడు దావూద్. అన్నాడంతే.

పోయిన కోతల్లో యాదగిరి చెట్టు మీంచి పడ్డాడు. గెల అవతలి వైపు ఉంది, మోకు నడుముకు ఉంటే చెయ్యి అందడం లేదు. ఊళ్లో చేసినట్టే మోకు విప్పి చెట్టుకే వదిలేసి, మట్టల మధ్య కాలు పెట్టి, ఒక మట్ట పట్టుకుని వంగాడు. ఎండి ఉన్న ఆ మట్ట మొదలంటా ఊడి వచ్చేసింది. కింద పికప్‌లో గెలలు సర్దుతున్న ఖాదర్ చప్పుడు విని తిరిగేసరికి మనిషి నేల మీద ఉన్నాడు, మోకు చెట్టు మీద ఉంది. మోకుకు చిన్న పోగు కూడా లేవలేదు. తర్వాత ఇంకొకడు ఎక్కి దాన్ని కిందికి తేవాల్సి వచ్చింది.

కాళ్ల మీద పడ్డాడు కాబట్టి ప్రాణం దక్కింది. కుడి మడమ ఎముక నుజ్జునుజ్జయింది. ఆపరేషను చేసి, లోపల రేకులు పెట్టి, నడవగలడు గానీ ఇక చెట్టెక్కలేడని డాక్టరు తేల్చాడు. ఆ మాట అరబ్బీలో విని తెలుగులో చెప్పాల్సింది ఎవరు? ఖాదరే. చెప్పాడు. చెప్పాక యాదగిరి ముఖం చూడలేక, తన ఏడుపు ఆపుకునే దారి ఇంకేదీ కనబడక, "మోకు ఇప్పమని ఎవుడు చెప్పినాడ్రా నీకు?" అని వార్డు అదిరిపోయేలా అరిచాడు. నర్సు వచ్చి అతన్ని బయటికి పంపించింది.

అసలు తలనొప్పి ఆ తర్వాత మొదలైంది. పనిలో దెబ్బ తగిలితే కంపెనీ ఆ సంగతి ఉద్యోగుల బీమా కార్యాలయానికి రాసి పంపాలి. తామీనాత్ అంటారు దాన్ని. పంపితే వైద్యం సంగతి వాళ్లే చూస్తారు, కాలు ఎంతమేరకు పనికిరాకుండా పోయిందో డాక్టర్ల బోర్డు తేల్చి, తగిన పరిహారం ఇప్పిస్తారు. పంపకపోతే భూషణానికి దక్కిన టిక్కెట్టే దక్కుతుంది. యాదగిరికి ఉన్న ఆస్తి చెట్టెక్కే కాళ్లు. అవి పోయాక ఊరికి పోయి ఏదో చిన్న కొట్టు పెట్టుకోవాలన్నా ఆ పరిహారమే ఆధారం. దావూద్ మాత్రం రాసి పంపలేదు. ఇవాళ పంపుతా, రేపు పంపుతా అని నానబెట్టాడు. ఖాదర్ రోజూ పొద్దున్నే ఆఫీసు గుమ్మంలో నిలబడేవాడు. దావూద్ అతన్ని చూడగానే ఫోను చెవికి ఆనించుకునేవాడు.

దావూద్ హైదరాబాదు మనిషి, ఇంజనీరింగ్ చదివాడు. చెడ్డవాడు కాదు, పిరికివాడు. ఈ రెంటిలో ఏది నయమో ఖాదర్‌కి ఇప్పటికీ తేలలేదు. చివరికి ఒకరోజు తప్పించుకునే వీలు లేక కుర్చీ చూపించాడు.

"ఖాదర్ భాయ్, నా ప్రాబ్లమ్ కూడా అర్థం చేస్కో. రిపోర్ట్ పంపితే ఫస్ట్ క్వశ్చన్ సేఫ్టీ బెల్ట్. ఎందుకు పెట్టుకోలేదంటరు. ఖరాబైన బెల్టులు ఎందుకు ఉంచినవని నన్ను పట్టుకుంటరు. హెడ్డాఫీసుకు నేనేం ఆన్సర్ ఇయ్యాలె?"

"ఆ బెల్టులు మార్పించు సామీ అని నేను ఎంత మొత్తుకున్యా? చెవిలో ఏసుకుంటివా?"

"అది ఇప్పుడు డిస్కషన్ కాదు. సొల్యూషన్ చెప్తున్న, విను. యాదగిరి సొంత రోప్ తెచ్చుకున్నడు. అది తెగింది, పడ్డడు. యాక్సిడెంట్, ఫినిష్. గిట్ల రాస్తే బెల్ట్ మ్యాటరే రాదు. నేను టుడే సబ్మిట్ చేస్తా. లేట్ అయింది కాబట్టి వాళ్లు పిలిచి అడుగుతరు. అతను కూడా అదే చెప్పాలె. వేరే చెప్పిండో, నాది ఫాల్స్ రిపోర్ట్, అతనిది రిజెక్ట్. ఇద్దరం ఫినిష్."

ఖాదర్ ఆలోచించాడు. తాడుకి నోరు లేదు. తెగిందని చెప్పినా బాధపడదు. యాదగిరికి పరిహారం వస్తుంది, దావూద్ ఉద్యోగం నిలబడుతుంది. ఇంత చవకగా బేరం కుదరడం ఆ కంపెనీలో అతను ఎన్నడూ చూడలేదు. సరే పంపమన్నాడు. యాదగిరిని అడిగి చెప్తానని కూడా అనలేదు, ఇందులో అడగాల్సింది ఏముందని.

గదికి వచ్చి సంగతంతా చెప్పాడు. యాదగిరి కాలు దిండు మీద పెట్టుకుని పడుకుని ఉన్నాడు. అంతా విని, "మోకు తెగలే గద భాయ్" అన్నాడు.

"తెగల్యాదని నాకూ తెలుసు. తెగిందని చెప్పమంటాండా."

"తెగందాన్ని తెగిందని ఎట్ల చెప్త?"

"నోటితో చెప్తావురా నాయనా! అందరూ ఎట్ల చెప్తారో అట్లే. రెండు మాటలు. తాడు తెగింది. ఆ మాటకి నీ నాలుక ఏమన్నా అరిగిపోతాదా?"

యాదగిరి మోచేతి మీద లేచాడు. "నీకు తెల్వది భాయ్. గౌడోడు పొద్దున లేస్తె మొదలు చూస్కునేదే మోకు. పోగు లేచిందా, నానిందా, ఎలుక కొరికిందా అని. మోకు తెగి పడ్డడంటె చూస్కోక ఎక్కిండని. సోయి లేనోడని. నేను అసొంటోన్ని గాదు. మోకు నేనే ఇప్పిన. నా తప్పే. గదే చెప్త."

నా తప్పే! ఆ మాట వినగానే ఖాదర్‌కి భూషణం కళ్లముందు మెదిలాడు, ఒళ్లు భగ్గున మండింది. ఆ మంటలో అనకూడని మాట అనేశాడు. "ఇంక చెట్టే ఎక్కనోనికి మోకు పరువెందుకురా?"

యాదగిరి గోడ వైపు తిరిగి పడుకున్నాడు. ఖాదర్‌కి అన్న మరుక్షణమే నాలుక కరుచుకోవాలనిపించింది, కానీ క్షమించమని అడగడం అతనికి ఏ భాషలోనూ రాదు.

మర్నాడు ఖాదర్ యాదగిరి భార్య జయకి ఫోన్ చేశాడు. ఇంటిది చెప్తే వినకుండా ఎక్కడికి పోతాడులే అని అతని ధీమా. వీడియోలో జయ ముఖం వాడిపోయి ఉంది. ఖాదర్ చెప్పిందంతా శ్రద్ధగా విన్నది. "ఆయనకు ఫోనియ్యన్నా, నేను చెప్త. కాలు పోయినంక ఈ పంతమేంది?" అన్నది. ఖాదర్‌కి ప్రాణం లేచొచ్చింది. ఫోను అందించబోతుంటే ఆమే మళ్లీ ఆపింది.

"ఇంతకు మోకు తెగిందా అన్నా?"

"ల్యాదమ్మా. తెగల్యాదు. ఊరికే చెప్పడానికి."

"అది మా బాపు పేనిన మోకన్నా." ఆమె గొంతు మారింది. "మా పెండ్లప్పుడు ఇచ్చిండు. ఆయన పేనిన మోకుల మీద ఇప్పటికి మా ఊళ్లె ఎంతమందో ఎక్కుతుండ్రు. ఈ మాట ఇక్కడికొస్తె? నర్సయ్య మోకు తెగిందట, అల్లుడే పడ్డడట అంటె, ఎవలన్న పానం నిమ్మలంగ పెట్టుకొని చెట్టెక్కుతరా? వద్దన్నా. ఆ మాటొక్కటి వద్దు. ఇంకేమన్న చెప్పుండ్రి."

"ఇంకేం చెప్పాలమ్మా? కాకి తన్నిందని చెప్పాల్నా?"

జయ ఏడుపు ఆపుకుంటూ ఫోన్ పెట్టేసింది. ఖాదర్ తల పట్టుకుని మంచం మీద కూలబడ్డాడు. ఒక్కడితోనే వేగలేక చస్తుంటే, ఇప్పుడు పెళ్లామూ, ఊళ్లో ఉన్న మామా కూడా వాడి పక్కనే చేరారు. వద్దనుకున్నా ఇంకో సంగతి కూడా మనసులో తొలుస్తోంది. ఆ అమ్మాయి చెప్పినదాంట్లో తప్పు పట్టడానికి ఏమీ లేదు. అది ఇంకా చిరాకు.

తామీనాత్ నుంచి పిలుపు వచ్చేదాకా గదిలో మాటల్లేవు. మాటల్లేవన్నమాటే గానీ వంట ఆగలేదు. ఖాదర్ పప్పు చేసి, అన్నం వండి, కంచం యాదగిరి మంచం పక్కన ఠంగుమని పెట్టేవాడు. స్నానానికి భుజం పట్టి తీసుకెళ్లేవాడు, మొహం అటు తిప్పుకుని. మందులు వేళకి ఇచ్చేవాడు, ఇచ్చి గోడతో మాట్లాడేవాడు. "కొందరికి మంచి చెప్తే ఎక్కదు గోడమ్మా. వాళ్లకి నీతి కావాల. నీతిని పప్పులో ఏసుకోని తింటారంట." యాదగిరి మౌనంగా మందు మింగేవాడు. అతనికి కోపమూ లేదు, లొంగుబాటూ లేదు. అదే ఖాదర్‌ని పిచ్చివాణ్ని చేసింది. ఎదురు తిరిగితే తిట్టొచ్చు, ఏడిస్తే ఓదార్చొచ్చు, ఇలా ఊరుకునేవాణ్ని ఏం చెయ్యాలి?

పిలుపు వచ్చిన రోజు పొద్దున బండిలో ఖాదర్ మళ్లీ నోరు విప్పాడు.

"విను. లోపల నీ ఇష్టమొచ్చింది తెలుగులో చెప్పుకో. అరబ్బీలో ఏం చెప్పాలో నేను చెప్తా. నువ్వు తల ఊపు, చాలు."

"దేనికూపాలె?"

"ఊపరా! దేనికో దానికి ఊపు!"

లోపల అధికారి చిన్నవాడు. ఖాదర్ పెద్ద కొడుకు వయసుంటుందేమో. యాదగిరి చంకకర్రల మీద వస్తుంటే తనే లేచి కుర్చీ జరిపాడు, ఇద్దరికీ గావా పోసిచ్చాడు. ఆ మర్యాద చూసి ఖాదర్‌కి ఇంకా భయం వేసింది. కసిరేవాళ్లతో ఎలా మాట్లాడాలో అతనికి తెలుసు, ఇలాంటివాళ్లతోనే కష్టం.

దావూద్ పంపిన రిపోర్టు తెర మీద చూస్తూ అధికారి అడిగాడు. "ఎలా పడ్డాడో అతన్నే చెప్పమను."

ఖాదర్ అడిగాడు. యాదగిరి గావా కప్పు కింద పెట్టి, చేతులతో చూపిస్తూ, మొదటి నుంచి చివరిదాకా చెప్పాడు. గెల ఎటు ఉన్నది, మోకు ఎందుకు విప్పింది, మట్ట ఎట్లా ఊడింది, అన్నీ. ఎక్కడా తడబడలేదు. అధికారి ఖాదర్ వైపు తిరిగాడు.

"తాడు తెగిందంటున్నాడు" అన్నాడు ఖాదర్ అరబ్బీలో.

"అంతసేపు మాట్లాడాడు. ఇంతేనా?"

"మా భాష పొడుగయ్యా."

అధికారి నవ్వి రాసుకోబోయాడు. కానీ హబల్ అన్న మాట యాదగిరి చెవిన పడనే పడింది. ఇన్నేళ్లు చెట్టు మీంచి అరిచిన మాట. దాని పక్కన ఖాదర్ ఏ మాట చేర్చి ఉంటాడో ఊహించుకోవడానికి చదువక్కర్లేదు. చంకకర్ర ఊతంతో సగం లేచి, బల్ల మీదికి వంగి, తన వచ్చీరాని అరబ్బీ అంతా కుమ్మరించాడు.

"లా, లా, ముదీర్! హబల్ మాఫీ ఖర్బాన్! హబల్ కువైస్! అనా ఫుక్ హబల్! అనా!"

కాదు సార్, తాడు పాడవలేదు, తాడు బాగుంది, తాడు విప్పింది నేను, నేను! బల్ల మీద గావా ఒలికింది. అధికారి ఒకసారి యాదగిరిని, ఒకసారి ఖాదర్‌ని చూశాడు. ఖాదర్‌కి నేల చీలి తనని మింగేస్తే బాగుండుననిపించింది. చూస్తుండగానే అంతా మట్టిలో కలిసిపోయింది. పరిహారం పోయింది, దావూద్ పోయాడు, ఇన్నాళ్ల పరువూ పోయింది. భూషణాన్ని దింపిన ఎయిర్‌పోర్టు తలుపు కళ్లముందు తెరుచుకుంది.

అధికారి కాగితంతో గావా తుడుచుకుంటూ తాపీగా అడిగాడు. "చెట్టెక్కింది కంపెనీ పనికేనా?"

"అవును" అన్నాడు ఖాదర్ నీరసంగా.

"పని వేళలోనేనా? కంపెనీ తోటేనా?"

"అవును."

"కావాలని దూకలేదు కదా?"

"ఎవరైనా కావాలని దూకుతారా అయ్యా?"

"అయితే ఈ తాడు గొడవ నాకెందుకు? తాడు తెగనీ, మట్ట విరగనీ, విప్పింది అతనే కానీ. పనిలో పడ్డాడు. పనిలో తగిలిన దెబ్బే." ఏవో నొక్కాడు. "నమోదైంది. బోర్డు డాక్టర్లు పిలుస్తారు, కాలు చూసి ఎంత ఇవ్వాలో చెప్తారు. ఇంత ఆలస్యంగా ఎందుకు పంపారో మీ మేనేజర్ని నేను అడుగుతాను. బెల్టుల సంగతీ అడుగుతాను. మీరు వెళ్లండి, అల్లా త్వరగా నయం చేస్తాడు."

ఖాదర్ బయటికి వచ్చి బండిలో కూచుని స్టీరింగు మీద తల కొట్టుకున్నాడు. అక్కర్లేదట! తాడు సంగతే వాళ్లకి అక్కర్లేదట! ఇన్ని వారాలు గోడతో మాట్లాడింది, ఆ అమ్మాయిని ఏడిపించింది, కుర్రవాడి ముందు అబద్ధమాడి తలొంచుకుంది, అన్నీ ఉత్తి పుణ్యానికి. దావూద్‌ని తిట్టాడు. తనని తాను తిట్టుకున్నాడు. ఖర్జూరం చెట్టుని కనిపెట్టినవాణ్ని కూడా తిట్టాడు. పక్కన యాదగిరి చంకకర్రలు సర్దుకుని కూచున్నాడు.

"ఇంగ సంతోషమేనా సామీ? పరిహారం వస్తాంది. నీ సత్యమూ బతికింది."

"దావూద్ సార్ పంపిన కాయితంల ఇంకా మోకు తెగిందనే ఉన్నదా?"

"ఉంటే ఏంది? దాన్నెవుడు చూస్తాడు?"

"నేను చూస్త గద భాయ్." యాదగిరి కిటికీలోంచి బయటికి చూస్తూ అన్నాడు. "నువ్వన్నవు ఆ దినం. చెట్టెక్కనోనికి పరువెందుకని. ఎక్కేటోడు ఎంత అన్నా దులుపుకుంటడు. తెల్లారి మల్ల ఎక్కి చూపిస్తడు. నేను ఎక్కడెక్కి చూపియ్యాలె?"

ఖాదర్ అతని వైపు చూడలేకపోయాడు. కాసేపటికి తలుపు తెరిచి దిగి, "నీ మోకుతోనే నన్ను చంపుతావురా నువ్వు" అని తలుపు ధడాల్న వేసి, మళ్లీ లోపలికి పోయి వరసలో నిలబడ్డాడు.

అధికారి అతన్ని చూసి ఆశ్చర్యపోయాడు. రిపోర్టులో తాడు తెగిందన్న మాట తప్పనీ, పక్కన అతను చెప్పింది రాయాలనీ ఖాదర్ అడిగాడు.

"రాస్తే అతనికి ఏం లాభం?"

"ఏమీ లాభం లేదయ్యా."

"మరి నీకు?"

"నాకూ లేదు. నేను మీకు తప్పు చెప్పాను. అతను నిజం చెప్పాడు. అది రాయండి."

అధికారి అతని ముఖంలోకి ఒక క్షణం చూసి, టైపు చేసి, ముద్ర వేసి, ఒక ప్రతి చేతికిచ్చాడు. ఖాదర్ బండిలోకి వచ్చి ఆ కాగితం యాదగిరి ముందు పట్టుకుని చదివి, తెలుగులో చెప్పాడు. "తాడు తెగల్యాదు. తాడు బాగుంది. పని కోసమని మనిషే ఇప్పుకున్నాడు. మట్ట ఊడి పడినాడు. చాలా? ఇంగ మనసు చల్లబడిందా?"

యాదగిరి కాగితం మీది అరబ్బీ గీతల్ని వేలితో తడిమాడు. తర్వాత మెల్లగా, అడగడం ఇష్టం లేనట్టుగానే అడిగాడు.

"నిజంగ గట్లనే ఉన్నదా భాయ్?"

ఖాదర్ ఇన్నేళ్లలో ఎంతమందికో నోరయ్యాడు. డాక్టర్ల మాట, పోలీసుల మాట, కంపెనీల మాట మోసుకొచ్చి చెప్పాడు. ఎన్నో తిట్లు కలిపి చెప్పి ఉంటాడు గానీ, నిజంగా అంతేనా అని ఒక్కడు కూడా తిరిగి అడగలేదు. కోపం రావాల్సింది. రాలేదు. దాని బదులు ఇంతకుముందెన్నడూ ఎరగనంత సిగ్గు వేసింది.

బండి తీసి, దారిలో తమీస్ రొట్టెల కొట్టు ముందు ఆపాడు. వేడివేడి రొట్టెలు చేతికి తీసుకుంటున్న ఒక ముసలాయనకు సలాం చెప్పి, యాదగిరి వైపు కిటికీ దగ్గరికి తీసుకొచ్చి, కాగితం ఆయన చేతిలో పెట్టాడు. "పెద్దాయనా, ఇది ఇతనికి చదివి వినిపించండి. ఇతనికి అర్థమయ్యే మాటల్లో. నేను దూరంగా నిలబడతాను."

నిలబడ్డాడు కూడా. ముసలాయన కళ్లద్దాలు పెట్టుకుని, రొట్టెలు చంకన పెట్టుకుని, మొదట పెదాల్లోనే చదువుకున్నాడు. తర్వాత కిటికీలోకి వంగి, పనివాళ్లతో అక్కడివాళ్లు మాట్లాడే ముక్కల అరబ్బీలో గట్టిగా చెప్పాడు. "హబల్ మాఫీ ఖర్బాన్. హబల్ కువైస్. ఇంతా ఫుక్ హబల్. సహ్?" తాడు పాడవలేదు, తాడు బాగుంది, విప్పింది నువ్వు, అవునా?

"సహ్, సహ్" అన్నాడు యాదగిరి. నిజమే, నిజమే. అంటూనే పెద్దగా ఏడ్చేశాడు. చెట్టు మీంచి పడ్డప్పుడు గానీ, డాక్టరు మాట విన్నప్పుడు గానీ ఏడవని మనిషి. ముసలాయన కంగారుపడి సలామాత్, సలామాత్, ఏం కాదు, ఏం కాదు అంటూ అతని భుజం తట్టి, ఒక రొట్టె తుంచి ఒళ్లో పెట్టి వెళ్లిపోయాడు.

ఖాదర్ వచ్చి స్టీరింగు ముందు కూచున్నాడు. యాదగిరి కళ్లు తుడుచుకుని, కాగితం మడిచి జేబులో పెట్టుకుని, "ఇప్పుడు సరే భాయ్" అన్నాడు.

ఆ ‘ఇప్పుడు’ అన్న మాట ఖాదర్‌కి గుచ్చుకుంది, తను చదివితే చాల్లేదన్నమాట. ఒక్క అబద్ధానికి ఇంత మూల్యం పడుతుందని ముందే తెలిస్తే, చెప్పకుండా ఉండేవాడా? భూషణం గుర్తొచ్చాడు. చెప్పి ఉండేవాడేనేమో. తేల్చుకోలేక మరింత చిరాకు పుట్టింది. "రొట్టె చల్లారిపోతాంది, తిను" అని యాదగిరిని కసిరి బండి తోట వైపు తిప్పాడు.